వాయిదాల నవ్వు

నాకు అర్థం కానప్పుడు నేను నవ్వుతాను.

ఈ మాట ఇంతవరకూ ఎవరి దగ్గరా పైకి అనలేదు. మా అమ్మ దగ్గర కూడా. అర్థమైతే ఊరుకుంటాను, మహా అయితే తల ఊపుతాను. ఎదుటివాళ్ళు చెప్పేది నాకు అందకుండా పోతుంటే మాత్రం, సరిగ్గా ఎక్కడ నవ్వాలో అక్కడ నవ్వుతాను. ఇందులో నాకు మంచి నేర్పుంది. మాట చివర గొంతు కాస్త పైకి లేస్తుంది, చెప్పేవాళ్ళ కళ్ళు మన మొహం మీద ఒక్క క్షణం ఆగుతాయి. నవ్వాల్సింది అక్కడే.

నా ఉద్యోగం కూడా అలా వచ్చిందే. డాక్టర్ మృణాళినిగారు మా బడికి ఓపిక యంత్రాలు తెచ్చినప్పుడు, వాటిని కనిపెట్టుకుని ఉండటానికి ఊళ్ళోనే ఒక మనిషి కావాలన్నారు. వచ్చినవాళ్ళలో ఇంజనీరింగ్ చదివినవాళ్ళున్నారు. నేను పదో తరగతితో ఆపేసి, బస్టాండు పక్కన సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్లో పని నేర్చుకున్నదాన్ని. తక్కిన విద్యంతా వీడియోలు చూసి, అర్థంకాని చోట వెనక్కి జరిపి, మళ్ళీ చూసి, మళ్ళీ జరిపి నేర్చుకున్నదే. డాక్టరుగారు యంత్రం గురించి మాట్లాడుతూ మధ్యలో ఇంగ్లీషులో ఏదో జోకేశారు. వేరియబుల్ అన్న ముక్క ఒక్కటే నా చెవిన పడింది. నేను నవ్వాను. మిగతా ఎవరూ నవ్వలేదు.

"ఈ అమ్మాయికి అర్థమైంది," అన్నారావిడ నావైపు తిరిగి. "పేరేమిటమ్మా?"

"కుసుమ, మేడం."

"నాకు డిగ్రీలు అక్కర్లేదు కుసుమా. అర్థం చేసుకునే మనిషి కావాలి. ఏ సందేహం వచ్చినా ఫోన్ చెయ్యి. ఎన్నిసార్లయినా చెబుతాను, విసుక్కోను."

ఆ జోకేమిటో నాకు ఇవాళ్టికీ తెలియదు. ఆవిడకు ఒక్కసారి కూడా ఫోన్ చెయ్యలేదు.

మా ఊరంటే పాత ఊరు కాదు. పాత ఊరు సముద్రంలో ఉంది. అలలు వీధి తర్వాత వీధిని తినేస్తూ వస్తే, మిగిలిన జనాన్ని గుట్ట మీదికి చేర్చి ప్రభుత్వం ఈ కాలనీ కట్టింది. వీధులకు అంకెలే తప్ప పేర్లు లేవు, ఇళ్ళన్నీ ఒకటే రంగు. మావాళ్ళు మాత్రం మూడో వీధిని ఇంకా ఐస్ ఫ్యాక్టరీ వీధి అనే అంటారు. ఐస్ ఫ్యాక్టరీ నీళ్ళ కింద ఉంది.

ఈ తిరుగుడులో పిల్లల చదువులు చెల్లాచెదురయ్యాయి. కొందరు శిబిరాల్లో ఉండి బడి మొహం చూడలేదు. కొందరు పట్నంలో చుట్టాలింట్లో ఉండి బాగానే చదువుకున్నారు. అందరూ తిరిగొచ్చి ఒకే తరగతిలో కూర్చున్నారు. ఒకరికి భిన్నాలు వచ్చు, పక్కనున్నవాళ్ళకు కూడికే తడబాటు. మాష్టారు వేగంగా చెబితే సగంమంది మునిగిపోతారు, నిదానంగా చెబితే మిగతా సగం కిటికీలోంచి పడవల్ని చూస్తుంటారు. అందుకే డాక్టరుగారు తన ప్రయోగానికి మా బడిని ఎంచుకున్నారు.

ఓపిక యంత్రం ఎలా పనిచేస్తుందో చెబుతాను, కష్టమైనదేం కాదు. చింతగింజంత క్లిప్పులు, చెవికొకటి చొప్పున. ఒక్కోదాంట్లో రెండు భాగాలుంటాయి. ఒకటి స్పీకర్, చెవిని బిరడాలా మూసేస్తుంది, బయటి శబ్దం లోపలికి రానివ్వదు. రెండోది సెన్సర్, చెవి వెనక చర్మానికి ఆనుకుని ఉంటుంది. మాష్టారు చెప్పే పాఠం ముందు గోడనున్న పెట్టెలోకి వెళ్ళి వాక్యాలుగా విడిపోతుంది. అక్కణ్ణించి ఒక్కో వాక్యం ఒక్కో పిల్ల చెవిలోకి వస్తుంది. ఒక సంగతి అర్థమైనప్పుడు మనిషి లోపల చిన్న సడలింపు ఉంటుందట. బిగబట్టిన ఊపిరి వదులుతాం, నాడి కుదుటపడుతుంది. డాక్టరుగారు దీనికి రిలీజ్ అని పేరు పెట్టారు. సెన్సర్‌కి రిలీజ్ తగిలితేనే పెట్టె తర్వాతి వాక్యం పంపుతుంది. తగలకపోతే అదే వాక్యాన్ని ఇంకాస్త నిదానంగా, ఆ తర్వాత ఇంకో ఉదాహరణతో, మాష్టారి గొంతుతోనే మళ్ళీ చెబుతుంది. అర్థమయ్యేదాకా చెబుతుంది.

అంటే ఒకే బల్ల మీద భుజం భుజం రాసుకుంటూ కూర్చున్న ఇద్దరు పిల్లలు వేరువేరు సమయాల్లో ఉంటారన్నమాట. ఒకరికి పాఠం అయిపోవచ్చింది, ఇంకొకరికి ఇప్పుడే మొదలైంది.

క్లిప్పుల మీద రంగు దీపాలు పెడదామని కంపెనీవాళ్ళు అడిగితే డాక్టరుగారు ససేమిరా అన్నారు. "ఎవరు ముందున్నారో ఎవరు వెనకున్నారో పిల్లలకు తెలియకూడదు. మా తమ్ముణ్ణి మొద్దబ్బాయ్ అని పిలిచేవాళ్ళు క్లాసులో. వాడు ఈ రోజుకీ నలుగురిలో నోరు విప్పడు. మనుషులకు ఓపిక లేదు, అందుకే దీన్ని చేశాను," అని నాతో అన్నారు. అబద్ధం చెప్పే మనిషి కాదు ఆవిడ. ఈ మాట ముందే చెప్పడం ఎందుకంటే, ఒక రాత్రంతా నేను ఆవిణ్ణే అనుమానించాను.

దీపాలైతే లేవు గానీ మా సన్యాసిరావు మాష్టారికి జోకులు వెయ్యకుండా పాఠం రాదు. ఆయన జోకు వేస్తారు. ముందు బల్లలోని హవిష వెంటనే నవ్వుతుంది. కాసేపటికి గోడవారగా ఇద్దరు. ఆయన బోర్డు తుడుస్తుంటే మధ్య వరస. వేరే లెక్కలోకి వెళ్ళాక వెనకాల ఎవరో కిసుక్కుమంటారు. మొదట్లో ఆయన ఉలిక్కిపడి చొక్కా వెనక చూసుకునేవారు.

"నా జోకుకి వాయిదాల పద్ధతిలో నవ్వుతున్నారమ్మా కుసుమా," అన్నారొకరోజు.

"ఆఖరి వాయిదా ఇంకా రాలేదనుకుంటా మాష్టారూ."

"అది రాదులే. మొండి బకాయి."

ఆయన నవ్వించడానికే అన్నారు గానీ మొహంలో నవ్వు లేదు. తన గొంతు పెట్టెలో నిండాక తనతో పనేముంటుందని ఆయన అనుమానం. ఆ అనుమానం నా మీదికీ మళ్ళింది. పెట్టె తాళం నా దగ్గర ఉంటుంది కదా.

పిల్లలకు అసలు సంగతి తెలిసిపోవడానికి ఎంతోకాలం పట్టలేదు. ఎవరు ఎప్పుడు నవ్వారో చూస్తే చాలు, ఎవరెక్కడున్నారో తెలుస్తుంది. బెల్లు కొట్టాక నవ్వినవాళ్ళకు 'బెల్లు' అని పేరు పెట్టారు. "ఒసే బెల్లూ, నిన్నటి జోకు వచ్చిందేటి ఇంకా?" అని మంచినీళ్ళ కుళాయి దగ్గర ఏడిపించేవారు. ఆ పేరు ఎక్కువగా మోసింది నూకరత్నం.

రత్నం చేపలమ్మే దేముడమ్మ కూతురు. యంత్రాలు రాకముందు తరగతిలో చెయ్యెత్తి "మల్లీ సెప్పండి మాష్టారూ" అనేది ఆ పిల్లొక్కతే. అందరూ గొల్లుమనేవారు, మాష్టారు నెత్తి కొట్టుకుని మళ్ళీ చెప్పేవారు, అది ఇంకోసారి చెయ్యెత్తేది. అలాంటి పిల్ల యంత్రం వచ్చిన కొత్తలో అట్టడుగున ఉండి, తర్వాత ఉన్నట్టుండి పైకి లేచింది. లేస్తూనే ఉంది. నవ్వులో కూడా మూడోదో నాలుగోదో అయిపోయింది. బెల్లు అనే పేరు ఇంకొకరికి వెళ్ళిపోయింది.

డాక్టరుగారు ఆ గ్రాఫ్‌ని తెర మీద పెట్టుకుని అలాగే చూస్తుండిపోయారు. "చూడు కుసుమా, ఈ పిల్లని ఎవరైనా మొద్దు అనగలరా ఇప్పుడు?" ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి. వేగం అందుకున్న పిల్లల కోసం పట్నంలో కొత్తగా శిఖర అని ఒక హాస్టల్ బడి పెట్టారు. రత్నాన్ని అందులో చేర్చడానికి అన్నీ సిద్ధం చేశారు. సోమవారం పొద్దున్న కారు వస్తుంది. అక్కడి పెద్దలు రత్నాన్ని చూస్తే తీరం పొడుగునా ఉన్న బళ్ళన్నిటికీ ఓపిక యంత్రాలు వచ్చేస్తాయి.

ఆ వారంలోనే దేముడమ్మ పిన్ని బడికి వచ్చింది. చేపల గంప గేటు దగ్గర దించి, చేతులు కడుక్కుని, నా గది గుమ్మంలో నిలబడింది.

"కుసుమా, నిజం సెప్పే. ఆ గింజలో ఎవలైనా మాటాడతన్నారా?"

"మాష్టారి గొంతే పిన్నీ. ఇంకెవరుంటారు?"

"మరైతే మా పిల్ల అలాగ అయిపోనాదేటి?"

"ఎలా అయిపోయింది?"

ఆవిడ గదిలోని వైర్లన్నీ ఒకసారి చూసింది, వాటిల్లో ఎవరైనా వింటున్నారేమో అన్నట్టు. గొంతు తగ్గించింది.

"మునుపు 'ఏటమ్మా, మల్లీ సెప్పమ్మా' అని నా పేనం తీసీది. కూర గురించి సెప్పినా ఏటి, వాన గురించి సెప్పినా ఏటి. ఇప్పుడు మా ఇంట్లో ఏటి అన్న మాట నేదు. నేను సగం సెప్పేసరికి నవ్వీసి, ఊఁ అనీసి ఎల్లిపోతంది. మొన్న మా యమ్మ సచ్చిపోనట్టు కలొచ్చిందే అన్నాను. దానికీ నవ్వింది."

నేను చెప్పింది ఇది: "చదువు బాగా వస్తోంది పిన్నీ. క్లాసులో ముందుంది."

"ఎవలకన్నా ముందు? వల ముడి నేర్పితే దానికి వారం పట్టినాది. ఏలు కోసుకుపోనా మల్లీ మల్లీ అడిగింది. ఆ ముడి ఇప్పటికీ ఊడదు. ఇదేటో నాకు భయంగా ఉంది. దాన్ని పంపమంటావా, వద్దంటావా? నువ్వు సెప్పు. ఆ డాక్టరమ్మ మంచి మడిసే గానీ ఆయమ్మ మాట నాకు అర్తం కాదు. నీకైతే అర్తమవుతాది."

కూతురు దూరమవుతుందన్న బెంగతో ఏదో కల్పించుకుంటోంది అనుకున్నాను. అలా అనుకోవడం నాకు హాయిగా ఉంది. "కనుక్కుని చెబుతాను పిన్నీ," అని పంపేశాను.

మా దగ్గర క్లిప్పులు ఊరికే పాడైపోతాయి. సముద్రపు గాలికి లోపల ఉప్పు పేరుకుంటుంది. ఆ మర్నాడు రత్నం క్లిప్పులు విప్పి చూస్తే రెండు స్పీకర్లలోనూ ఉప్పు రాయిలా గడ్డకట్టి ఉంది, తీగలు పచ్చగా చిలుమెక్కి తెగిపోయాయి. ఇది నిన్నా మొన్నా జరిగింది కాదు. చాలా రోజులుగా ఆ పిల్ల చెవిలో ఒక్క ముక్క కూడా వినబడి ఉండదు. సెన్సర్లు మాత్రం నిక్షేపంలా ఉన్నాయి.

తెర మీద గ్రాఫ్ చూశాను. ఆ మూగ రోజుల్లోనే రత్నం అందరికంటే వేగంగా నేర్చుకుంది.

అప్పుడు వచ్చింది డాక్టరుగారి మీద అనుమానం. ఎక్కడో అంకెలు వండుతున్నారు. కళ్ళు తడవడం కూడా వంటలో భాగమే. ఈ ఆలోచన ఎంత తేలిగ్గా వచ్చిందంటే, దాన్ని కూడా అనుమానించాల్సింది. క్లిప్పులు బాగుచెయ్యలేదు. ఎలా ఉన్నవి అలాగే మూసేసి పొద్దున్నే రత్నానికి ఇచ్చేశాను. అది పెట్టుకుంది, వినబడుతున్నట్టే సర్దుకుంది. నేను వైర్లు చూసుకునే వంకతో వెనక గోడ దగ్గర కూర్చున్నాను, చేతిలో చిన్న తెర పెట్టుకుని.

ఆ రోజు పాఠం భిన్నాలు. మాష్టారు చాక్‌పీసు పక్కన పెట్టారు. జోకు వస్తోందని నాకు తెలిసిపోయింది.

"మా తాతకు ముప్పావు వంతు చెవుడర్రా. అంటే ఏది చెప్పినా పావు వంతే వినబడేది. అందుకని మా నాయనమ్మ ఏ మాటైనా నాలుగుసార్లు చెప్పేది. నాలుగు పావులు కలిస్తే ఒక మాట పూర్తవుతుంది కదా అని."

హవిష నవ్వింది. గోడవార ఒకడు నవ్వాడు. తర్వాత రత్నం.

నేను చూస్తున్నది మాష్టారిని కాదు, రత్నం కళ్ళని. అవి మాష్టారి మీద లేవు. ముందు బల్లలో ఉన్న హవిష భుజాల మీద ఉన్నాయి. ఆ భుజాలు కదిలాయి. గోడవారవాడు కదిలేదాకా ఆగింది, మరీ ముందు నవ్వితే దొరికిపోతామని. అప్పుడు తన భుజాలు కదిలించింది. నవ్వాక ఊపిరి వదిలింది. పట్టుబడలేదన్న నిశ్చింతలో వచ్చే ఊపిరి అది. నా చేతిలో తెర మీద చుక్క వెలిగింది. రిలీజ్. పెట్టె ఓపిగ్గా తర్వాతి వాక్యం పంపింది, ఉప్పు గడ్డలోకి.

అంకెలు ఎవరూ వండలేదు. ఆ నేర్పు నాకు తెలిసిందే.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. యంత్రాలు వచ్చిన మొదటిరోజు గది తలుపేసుకుని ఒక జత నేనూ పెట్టుకున్నాను. డాక్టరుగారి ఇంగ్లీషు ఉపన్యాసం ఒకటి అందులో ఉంది. మొదటి వాక్యం అర్థంకాలేదు. మళ్ళీ చెప్పింది. మళ్ళీ. ఇంకా నిదానంగా, పసిపిల్లకు అన్నం కలిపినట్టు. ఒంటరిగా గదిలో ఉండి కూడా నాకు మొహం వేడెక్కింది. సరే తెలిసిందిలే అన్నట్టు నవ్వాను, గట్టిగా ఊపిరి వదిలాను. వెంటనే అది ముందుకు వెళ్ళిపోయింది. ఎంత హాయనిపించిందో చెప్పలేను. యంత్రంలో కన్నం ఎక్కడుందో నాకు ఆ రోజే తెలుసు. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఎలా తెలిసిందని అడుగుతారు.

బడి వదిలాక రత్నాన్ని నా గదికి పిలిచాను.

"వినబడట్లేదని ఎందుకు చెప్పలేదే?"

అది తలుపువైపు చూసింది. "మాష్టారికి సెప్తావా?"

"చెప్పను."

"వినబడకపోతేనే బాగుందక్కా." ఒక్కో మాటా తూచి అంది. "మాష్టారైతే తిడతారు. తిట్టీసి ఎల్లిపోతారు, అయిపోద్ది. ఇది తిట్టదు, ఎల్లదు. సెవిలో కూకుని నా మొకం సూస్తంటాది. ఇంకా రానేదా, ఇంకా రానేదా అని. నవ్వితే వదిలేస్తాది."

నేను రాత్రుళ్ళు కూర్చుని నేర్చుకున్న వీడియోలు గుర్తొచ్చాయి. అవీ మళ్ళీ మళ్ళీ చెప్పినవే. కానీ వెనక్కి జరిపిన వేలు నాది. వీడియోకి నా మొహం కనబడదు.

కొత్త స్పీకర్లు వేశాను. సెన్సర్ తీగ పీకేశాను. రెండు మీటలున్న కాలింగ్ బెల్ స్విచ్ ఒకటి తెచ్చి పెట్టెకి కలిపి రత్నం చేతిలో పెట్టాను. "ఇది నొక్కితేనే మళ్ళీ చెబుతుంది. రెండోది నొక్కితే ముందుకెళ్తుంది. నువ్వు నొక్కేదాకా నోరెత్తదు."

"ఎన్నిసార్లు నొక్కానో ఎవలికైనా తెలుస్తాదా?"

"తెలీదు. నాక్కూడా."

నేను వేరే క్లిప్పులేవో శుభ్రం చేస్తున్నట్టు వీపు తిప్పి కూర్చున్నాను. వెనకాల టక్కుటక్కుమని ఒకటే చప్పుడు. భిన్నాల పాఠం మొదటి వాక్యం దగ్గరే చాలాసేపు నొక్కింది. నొక్కుతూ మధ్యలో "ఏటి?" అంది పైకి. తనకు తెలియకుండానే అనేసింది. ఆ మాట ఎన్నాళ్ళకు విన్నానో. కిటికీ బయట వెలుగు తగ్గుతుండగా తాత జోకు దగ్గరికి వచ్చింది. నొక్కింది, నొక్కింది, ఆగింది. ఆ తర్వాత వచ్చిన నవ్వు హవిష భుజాల్లోంచి తెచ్చుకున్నది కాదు. ముక్కులోంచి గుర్రుమని వచ్చింది, దగ్గొచ్చేదాకా నవ్వింది.

నవ్వు ఆగాక నుదురు ముడిచింది. "అక్కా, ఒకటి అడగనా?"

"అడుగు."

"నాయనమ్మ నాలుగుసార్లు సెప్పింది సరే. నాలుగుసార్లూ తాతకి ఆ మొదటి పావే వినబడితేనో?"

నేను చేతిలో ఉన్నది కింద పెట్టాను. మొత్తం ఓపిక యంత్రాన్ని తయారుచేసినవాళ్ళెవరికీ తట్టని ప్రశ్న అది. అంత ఖరీదైన పెట్టెలో అన్ని గొంతులకూ చోటుంది గానీ పిల్ల ప్రశ్న వినడానికి చిన్న చిల్లు కూడా లేదు.

ఆదివారం డాక్టరుగారు వచ్చారు. హెడ్మాస్టరు గదిలో ఒక్కరే కూర్చుని, రేపు పట్నంలో చూపించాల్సినవి సర్దుకుంటున్నారు. చెప్పాల్సిందంతా నోట్లో కూర్చుకుని వెళ్ళాను.

"మేడం, రత్నం క్లిప్పుల్లో స్పీకర్లు పోయాయి."

"మార్చెయ్యి మరి."

"మార్చాను. కానీ చాలా రోజుల కిందటే పోయాయి. ఆ రోజుల్లో కూడా గ్రాఫ్ పైకే వెళ్ళింది."

ఆవిడ చేతులాగిపోయాయి. "ఎవరు చూశారు?"

"నేనే."

"ఇంకెవరికి చెప్పావు? సన్యాసిరావుగారికా? ఆయనకు మొదటినుంచీ ఇది ఇష్టం లేదు."

"ఎవరికీ చెప్పలేదు మేడం."

ఆవిడ నన్ను పరకాయించి చూశారు. నా చేతిలో తాళాలు చూశారు. తర్వాత తనలో తనే ఏదో సర్దుకున్నట్టుంది, కుర్చీలో ముందుకు వంగి మామూలుగానే, దయగానే చెప్పసాగారు. స్పీకర్ మూగబోయినా బయటి శబ్దం ఎముకల ద్వారా కొంత చేరుతుందట. బేస్‌లైన్ ఏదో మారుతుందట. అలాంటి నాయిస్‌ని మోడల్ తనంతట తనే కరెక్ట్ చేసుకుంటుందట. మధ్యలో ఇంగ్లీషు, ఒక సమీకరణం, మళ్ళీ ఇంగ్లీషు. అందులో నిజమెంతో, ఆవిడ తనకు తాను చెప్పుకుంటున్నదెంతో నాకు తెలియలేదు. 'పిల్లలు దొంగనవ్వులు నవ్వుతున్నారు మేడం' అన్న ఒక్క వాక్యం నా నాలుక చివర ఉంది. దాని వెనకే ఇంకో ప్రశ్న కాచుకుని ఉంది. నీకెలా తెలుసు?

"...సో, అది ఎర్రర్ కాదు, రోబస్ట్‌నెస్. అర్థమైందిగా?"

గొంతు కాస్త పైకి లేచింది. ఆవిడ కళ్ళు నా మొహం మీద ఆగాయి.

నేను నవ్వాను.

ఆవిడ ఊపిరి వదిలారు. ఎంత పెద్దగా వదిలారంటే, ఆ చెవి వెనక సెన్సర్ ఉంటే చుక్క వెలిగేది. "హమ్మయ్య. నీకు అర్థమైతే చాలు. ఈ బడిలో నేను నమ్మేది నిన్నే," అన్నారు.

అక్కణ్ణించి తిన్నగా ఐస్ ఫ్యాక్టరీ వీధికి నడిచాను. దేముడమ్మ పిన్ని గుమ్మంలో కూర్చుని రత్నం గౌనుకి గుండీ కుడుతోంది. లోపల మంచం మీద కొత్త సంచీ నోరు తెరిచి ఉంది. నన్ను చూడగానే సూది ఆపింది.

"కనుక్కున్నావా?"

"మాట్లాడాను పిన్నీ."

"ఏటన్నాది ఆయమ్మ?"

"అంతా బాగానే ఉందన్నారు. ఎముకలు... మోడల్... అదేదో తనే సరిచేసుకుంటుందట." పిన్ని నా మొహంలోకి చూస్తోంది. నాకు నవ్వొచ్చేసింది.

రత్నం లోపల్నించి వచ్చింది. బెల్ స్విచ్ దాని చేతిలోనే ఉంది, తీగ వేలాడుతూ. ఆ తీగ దేనికీ తగిలించి లేదు. అయినా బొటనవేలు దానిమీదే ఉంది.

"అక్కా, ఆ బళ్ళో ఈ మీట ఉంటాదా?"

"ఉండదే."

"డాక్టరమ్మకి సెప్పావా దీని గురించి? తాత గురించి నేనడిగింది అడిగావా?"

నేను మళ్ళీ నవ్వాను. నేను నవ్వడం నాకే వినబడింది.

రత్నం నవ్వలేదు. నా కళ్ళ వంక కాదు, నా భుజాల వంక చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత దగ్గరికొచ్చి, వాళ్ళమ్మకు వినబడకుండా, ఎంతో మర్యాదగా అడిగింది.

"నీకూ వినబడనేదా అక్కా?"

వీధి చివర, గుట్ట అంచున, సిమెంటు దిమ్మ ఒకటుంది. అక్కడ నిలబడితే పాత ఊరున్న చోటు కనబడుతుంది, నీళ్ళు మాత్రమే. ఫోన్ తీశాను. డాక్టరుగారి నంబరు కిందటేడాదినుంచీ అందులో ఉంది, ఒక్కసారీ నొక్కనిది. ఆవిడ నన్ను పని మాన్పించవచ్చు. మాష్టారికి తెలిస్తే ఊరంతా తెలుస్తుంది. రత్నానికి బెల్లు అనే పేరు తిరిగిరావచ్చు. ఇవన్నీ ఒక్కొక్కటే అనుకుంటూ చాలాసేపు నిలబడ్డాను. పొద్దున్న కారు వస్తుంది. రత్నం అందులో ఎక్కి, ఎవరేం చెప్పినా నవ్వుతూ వెళ్ళిపోతుంది. అక్కడ చూడటానికి ఇంకెన్నో భుజాలుంటాయి.

ముందు క్లిప్పుల గురించి చెప్పకూడదు. ముందు అది చెబితే ఆవిడ సమీకరణం చెబుతారు, నేను నవ్వేస్తాను. మొదటి మాట వేరే ఉండాలి, వెనక్కి తీసుకోలేనిది. అదేమిటో దొరికింది. మేడం, మీరు మొదటిరోజు వేసిన జోకు నాకు అర్థం కాలేదు, మళ్ళీ చెప్పండి. అర్థం కాకపోతే ఇంకోసారి అడుగుతాను. ఆ తర్వాత ఒక పిల్ల అడిగిన ప్రశ్న చెబుతాను.

చెయ్యాలనే నిశ్చయించుకున్నాను. ఆవిడ పేరు మీద వేలు పెట్టాను.